అద్దాల బండికి కొత్త కడ్డీ

మా చిన్నాన్న అద్దాలు మోసే బండి నడుపుతాడు. అద్దాలంటే చేతిలో పట్టుకునేవి కావు. దుకాణాల ముందు నిలబెట్టే గాజు పలకలు, వ్యాయామశాలల గోడలకు బిగించే నిలువుటద్దాలు. చిన్న లారీ వెనుక రెండు పక్కలా వాలుగా చెక్క చట్రాలుంటాయి. అద్దాలను వాటికి ఆనించి, మధ్యలో గోనెపట్టాలు దోపి, పట్టీలతో బిగిస్తారు. బండి వీధిలోంచి వెళ్తుంటే ఎదురింటి బాల్కనీలు, ఆరేసిన బట్టలు, ఓ ముక్క ఆకాశం దాని పక్కల మీద జారుకుంటూ పోతాయి. నేను మేడమీద గదిలో కుట్టుమిషను ముందు కూర్చుంటాను. కిటికీ అవతల నా మొహం నాకే ఓ క్షణం కనబడి మాయమైతే చిన్నాన్న పనికి బయల్దేరాడని అర్థం.

పందొమ్మిదేళ్ళ పాటు ఆయన పక్క సీట్లో పిన్ని కూర్చుంది. అడ్రసు చిట్టీలు చూసి ఇళ్ళు వెతకడం, దించేచోట కూలీలకు దారి చూపించడం, ఇంటివాళ్ళతో మాట్లాడడం ఆమె పని. చిన్నాన్న రోజు మొత్తం మీద పది మాటలు ఆడితే అందులో ఆరు బండితోనే. "ఈయన నోరు నా దగ్గరుంది. కావాలంటే నన్నడగండి" అనేది పిన్ని, కొత్తవాళ్ళతో.

పోయిన వానాకాలం పిన్నికి జ్వరం వచ్చింది. వారంలో తగ్గింది గానీ, పోతూ పోతూ చెవిలో ఏదో పాడుచేసి పోయింది. లేచి నిలబడితే ఇల్లు మెల్లగా ఓ పక్కకు ఒరిగేది. గోడలు నీళ్ళలో నీడల్లా కదిలేవి. మనిషిని నిటారుగా నిలబెట్టే ఏర్పాటు చెవి లోపలే ఉంటుందని, అది దెబ్బతిన్నదని, కుదురుకోవడానికి నెలలు పట్టవచ్చని డాక్టరు చెప్పాడు. రోజూ కాసేపు నడవమన్నాడు. పిన్ని గోడ పట్టుకుని వంటింటి నుంచి వాకిలి దాకా నడిచేది. కొన్నాళ్ళకు హాలు గోడ మీద ఆమె చెయ్యెత్తున మసక గీత ఒకటి పడింది.

నెల తర్వాత ఓ పొద్దున ధైర్యం చేసి బండెక్కింది. కాలువ దగ్గర మొదటి మలుపులోనే దించెయ్యమంది. ఆ సంగతి తర్వాత నాతో చెప్పింది. "బండి ఒరిగింది. అంతవరకూ మామూలే. కానీ బండి లేచాక కూడా లోకం లేవలేదే అమ్మాయ్, అలాగే పడి ఉంది."

ఇంటిదాకా కాలువ పిట్టగోడ పట్టుకుని నడిచే వచ్చింది. వెనకాలే చిన్నాన్న, నాలుగు నిలువుటద్దాలు వేసుకుని, మనిషి నడక వేగంలో బండిని తోలుకొచ్చాడు. వెనక బళ్ళవాళ్ళు హారన్లు మోగిస్తూనే ఉన్నారు. నేను కిటికీలోంచి చూసేసరికి పిన్ని గేటు దగ్గరకు వచ్చేసింది. బండి ఆమె పక్కకు తిరిగినప్పుడు పిన్ని తల నుంచి కాలి దాకా అద్దంలో కనబడింది: తల వంచుకుని, ఓ చెయ్యి చాపి, అక్కడ లేని గోడ కోసం వెతుకుతోంది.

ఆ తర్వాత చిన్నాన్న ఒంటరిగానే పనికి వెళ్ళాడు. ఇళ్ళు దొరక్క తిరిగి తిరిగి ఆలస్యంగా వచ్చేవాడు. ఓ రోజు నన్ను దారపు ఉండలు కొనడానికి బజారులో దింపుతానని ఎక్కించుకుని, దారిలో కమాన్ల మేస్త్రి షెడ్డు ముందు ఆపాడు. బళ్ళ కింద ఉండే ఇనుప కమాను కట్టలు బాగుచేసే మనిషి ఆయన.

"బండి మలుపులో ఊగకుండా ఉండాలంటే ఏం చెయ్యాలి?" అన్నాడు చిన్నాన్న.

"మెల్లగా నడపాలి."

"నడిచే మనిషి వెనకాల నడిపాను. అంతకన్నా మెల్లగా రాదు."

మేస్త్రి నవ్వబోయి, చిన్నాన్న మొహం చూసి ఆగాడు. బండి వెనక్కి వెళ్ళి, వంగి కిందకు చూశాడు. "నీ బండికి వెనకాల స్వే బార్ లేదు. కంపెనీవాళ్ళు దీనికి పెట్టరు. బయట చేసేవాళ్ళున్నారు, తెప్పిస్తా." రెండు మోచేతులూ మడిచి చూపించాడు. "ఇలా వంచిన కడ్డీ. ఒక పక్క బండి కుంగబోతే ఇది మెలిపడి ఆ పక్కని పట్టి ఆపుతుంది. ఊగడం మొత్తం పోదు, తగ్గుతుంది. అప్పుడు బండి తెచ్చెయ్, ఒక్క పూట పని."

"నేనే బిగించుకుంటా. ఇంటి దగ్గర."

"గాజు పట్టిన చేతులు నీవి. ఇనుముతో ఎందుకయ్యా కుస్తీ?"

"ఆవిడ చూస్తుండగా బిగించాలి" అన్నాడు చిన్నాన్న.

కడ్డీ వచ్చిన రోజు నుంచి నాలుగు రోజులు ముసురు. దాన్ని హాల్లో గోడవారగా పడుకోబెట్టారు. నల్లరంగు వేసిన బొటనవేలంత లావు కడ్డీ, రెండు కొసలా వంపు. పక్కన సంచిలో రబ్బరు బుష్షులు, ఇరుసుకు బిగించే యు ఆకారపు బోల్టులు, కడ్డీ కొసల్ని ఛాసిస్‌కు, అంటే బండి అడుగు చట్రానికి, కలిపే పొట్టి రాడ్లు రెండు. పిన్ని కుర్చీలో కూర్చుని దాన్నే చూసేది. "ఎవరో చుట్టం పని మీదొచ్చి, వాన తగ్గేదాకా మోకాళ్ళు ముడుచుకుని పడుకున్నట్టుంది" అంది.

ఆదివారం తెల్లారేసరికి వాన వెలిసింది. చిన్నాన్న బండిని గేటు లోపల వాకిట్లోకి తెచ్చి, వెనక తొట్టి మీద పళ్ళెంలో నీళ్ళు పోసి పెట్టి నేల సమంగా ఉందో లేదో చూసుకున్నాడు. చక్రాలకు ముందూ వెనకా రాళ్ళు పెట్టాడు. బరువు చక్రాల మీద ఉండగానే బిగించాలని కడ్డీతో వచ్చిన కాగితంలో రాసి ఉందట, అందుకని జాకీ జోలికి పోలేదు. మనిషి దూరేంత ఎత్తు ఎలాగూ ఉంది. ఆయన చాప పరుస్తుంటే పిన్ని వాకిట్లోకి వచ్చింది.

"ఏవండీ, ఇంకో చాప వెయ్యండి. నేనూ వస్తాను."

"బండి కిందకా?"

"వెల్లకిలా పడుకుంటే నాకు లోకం కదలదు. మీకు తెలుసుగా."

ఆయన లోపలికి వెళ్ళి రెండో చాప, దాంతోపాటు తలగడ కూడా తెచ్చాడు.

పైనుంచి చూస్తే నాకు నాలుగు పాదాలు కనబడ్డాయి. పగుళ్ళు వారిన రెండు, ఆ పక్కనే తెల్లగా రెండు. కుట్టు ఆపి కిందకు వెళ్ళి టైరు పక్కన పీట వేసుకున్నాను. తొట్టి చెక్క పలకల సందుల్లోంచి సన్నటి వెలుతురు చారలు ఇద్దరి మొహాల మీదా పడుతున్నాయి. రాత్రి వాన నీళ్ళు ఎక్కడో ఒక్కో చుక్కా రాలుతున్నాయి. గ్రీజు వాసన, తడి మట్టి వాసన కలిసిపోయాయి. అది బండి కింద అనిపించలేదు. కప్పు తక్కువ ఎత్తున్న చిన్న గదిలో ఇద్దరు మనుషులు పొద్దుటే మెలకువ వచ్చి, లేవడానికి బద్ధకించి, మాట్లాడుకుంటున్నట్టుంది.

"ఇన్నేళ్ళూ దీని కింద ఏం చూస్తారో అనుకునేదాన్ని. బాగానే ఉందండీ ఇక్కడ."

"ఊఁ."

"ఊఁ ఏమిటి? చెప్తే మొదటే వచ్చేదాన్నిగా."

చిన్నాన్న బుష్షుల లోపల గ్రీజు రాసి కడ్డీకి తొడిగాడు. కడ్డీని గుండెల మీద పెట్టుకుని, మెల్లగా పైకెత్తి ఇరుసుకు ఆనించాడు. యు బోల్టు దూర్చి, పట్టీ పెట్టి, నట్లు పానాతో తిప్పడం మొదలుపెట్టాడు. కిర్రు, కిర్రు, కిర్రు. ఆ చప్పుడుకు నాకు కళ్ళు మూతలు పడుతున్నాయి.

"ఆగండి" అంది పిన్ని. "మీ వేలి వెనకాల సన్నటి గొట్టం ఒకటుంది. అది బోల్టు కింద ఇరుక్కుంది."

పానా ఆగింది. ఆయన తల తిప్పి, టార్చి వేసి చూశాడు. నట్లు వదులు చేసి, గొట్టాన్ని బయటకు తప్పించి, దాని పొడుగునా వేలితో తడిమాడు. చెమ్మ లేదు. పైరంగు మాత్రం కాస్త గీసుకుంది.

"బ్రేకు గొట్టం" అన్నాడు. కొంతసేపటికి, "ఇంకో రెండు చుట్లు తిప్పి ఉంటే..." అన్నాడు.

"తిప్పలేదుగా" అంది పిన్ని.

ఆయన పానా పక్కన పెట్టి, గొట్టాన్ని మళ్ళీ మొదటి నుంచీ తడిమాడు. పిన్ని ఆయన మణికట్టు పట్టుకుంది.

మధ్యాహ్నానికి ఎడమవైపు రాడ్ బిగిసింది. కుడివైపుది బిగియలేదు. రంధ్రం వేలెడు దూరంలో ఆగిపోయింది. ఆయన నెట్టాడు, లాగాడు, కడ్డీని ఏదో అన్నాడు.

"నా తలే తిరుగుతోందేమో అనుకుని ఊరుకున్నా. కాదు. ఈసారి నిజంగానే బండి ఒరిగి ఉంది" అంది పిన్ని.

నేను లేచి చూశాను. పళ్ళెంలో నీళ్ళు ఒక అంచుకు చేరి ఉన్నాయి. నానిన నేల కుడి చక్రం కింద మెల్లగా కుంగింది. ఇద్దరూ బయటకు వచ్చారు. చిన్నాన్న చక్రాల ముందు చెక్క పలకలు వేసి, బండిని జానెడు ముందుకు ఎక్కించి, రాళ్ళు మళ్ళీ పెట్టాడు. ఆ తర్వాత బోల్టు వెన్నలో దిగినట్టు దిగింది.

ముందు తానొక్కడే వీధి చివరిదాకా వెళ్ళి, నాలుగుసార్లు బ్రేకు తొక్కి చూసి వచ్చాడు. బండి దిగి మళ్ళీ కిందకు వంగి గొట్టం చూశాడు. తర్వాత పిన్ని ఎక్కింది. తోడుకు నేను.

కాలువ మలుపు రాబోతుంటే పిన్ని కళ్ళు మూసుకుని నా చెయ్యి పట్టుకుంది. గోళ్ళు దిగాయి. బండి కొంచెం వంగింది. ఇంకా వంగబోయి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, నిటారుగా అయింది.

పిన్ని ఒక కన్ను తెరిచింది. "దాటామా?"

"దాటాం" అన్నాడు చిన్నాన్న.

"వెనక్కి తిప్పండి. ఈసారి కళ్ళు తెరుచుకుని చూస్తాను."

రెండోసారి చూసింది. పెదవులు బిగించి, మొహం పాలిపోయి, అయినా చూసింది. ఆ తర్వాత రోడ్డు మీద ఓ గుంతలో కుడి చక్రం పడి, ముగ్గురం సీటు మీంచి ఎగిరాం. కడ్డీ రాకముందు ఆ గుంత ఇంత గట్టిగా తగిలేది కాదు.

"ఊగుడు తీసేసి కుదుపు పెట్టారా?" అంది పిన్ని.

"రెండూ తియ్యడం నా వల్ల కాదు" అన్నాడు చిన్నాన్న.

పిన్నికి పూర్తిగా నయమైందని చెప్పను. ఇప్పుడు వారానికి రెండు మూడు రోజులు బండెక్కుతుంది, దగ్గరి ఊళ్ళకు. కొన్ని పొద్దుటిపూటలు ఇల్లు మళ్ళీ పడవవుతుంది. ఆ రోజు గోడ పట్టుకుని తిరుగుతుంది, చిన్నాన్న ఒక్కడే వెళ్ళి ఇళ్ళు దొరక్క తిప్పలు పడతాడు.

కానీ ఆ ఆదివారం సాయంత్రం సంగతి చెప్పాలి. తిరిగి వస్తుంటే చెరువు మీది ఎండ పలచబడి, రోడ్డంతా తేనెరంగులో ఉంది. పిన్ని తల నా భుజం మీద వాలింది. ఊపిరి మెత్తగా, నిదానంగా వస్తోంది. మా వీధిలోకి తిరిగాం. ఇంటి గేటు వచ్చింది. చిన్నాన్న నా వైపు చూసి, పెదవుల మీద వేలు పెట్టుకుని, ఆపకుండా ముందుకు పోనిచ్చాడు. వీధి చివర మలుపు, బడి గోడ, వెనక సందు, మళ్ళీ మా వీధి. మళ్ళీ గేటు. మళ్ళీ మలుపు, మళ్ళీ గేటు. బండి ప్రతిసారీ కాస్తంత వంగి లేస్తోంది.

"ఇప్పటికి మూడుసార్లు ఇల్లు దాటాం" అంది పిన్ని, కళ్ళు తెరవకుండానే.

"దిగుతావా?" అన్నాడు చిన్నాన్న.

ఆమె నా భుజం మీద తల సర్దుకుంది.

"తొందరేముంది, పోనివ్వండి" అంది.