అత్త తోమిన తుపాకి

కోడలిగా కెలమంగలం పక్కన ఉన్న ఆ పల్లెకు వచ్చిన కొత్తలో, నడవ గోడకు వేలాడుతున్న తుపాకిని చూసి హడలిపోయాను. మత్తూరులో మా పుట్టింట్లో చేతికర్రే పెద్ద ఆయుధం. తర్వాత తెలిసింది, పంట కాపలా కోసమని మామకు వయసులో ఉండగా సర్కారు ఇచ్చిన లైసెన్సు తుపాకి అదని. గొట్టం మూతిలోంచి మందు పోసి, గుడ్డ పీలికలు కూరి, ఇనుప చువ్వతో దట్టించి పేల్చే పాతకాలపు సరుకు. అడవిపందులు రాగి చేలో పడితే మామ ఆకాశంకేసి పేల్చేవాడు. ఒక్క పందినైనా కొట్టిన పాపాన పోలేదు. బెదిరించడానికే సర్కారు ఇచ్చింది, చంపడానికి కాదు అనేవాడు. గురి కుదరక అలా అంటాడని అత్త నాతో చెప్పి నవ్వేది.

ఎలక్షన్లు వస్తే లైసెన్సు తుపాకులన్నీ పోలీసు స్టేషనులో అప్పగించాలి. మామ దాన్ని పాత దుప్పట్లో చుట్టి తీసుకెళ్ళి ఇచ్చి, ఓట్లు లెక్కపెట్టేదాకా బిడ్డను హాస్టల్లో వదిలి వచ్చినవాడిలా తిరిగేవాడు. ఎవరు గెలిచినా ఆయనకు ఒకటే.

ఆయుధపూజ నాడు మా ఇంట్లో దున్నే మడక, కొడవళ్ళు, మోటారు, సైకిలు, వాటితోపాటు తుపాకి కూడా పూజకు కూర్చునేది. ముందురోజే అత్త ఇత్తడి సామానంతా బయట వేసుకుని చింతపండు, బూడిద పెట్టి తోమేది. తుపాకి చెక్క మీద ఒక ఇత్తడి బిళ్ళ ఉండేది. దాన్నీ వదిలేది కాదు. కాపురానికి వచ్చినప్పటి నుంచి ఏటా అదే పని. ఆ బిళ్ళ బంగారంలా మెరిసేది.

తొంభైల మధ్యలో ఒక ఏడు, పూజ అయిన కొన్నాళ్ళకు, లైసెన్సులు తిరగరాయడానికి తుపాకులు పట్టుకుని హోసూరు రమ్మన్నారు. మా ఆయన ఫ్యాక్టరీ షిఫ్టులో ఉండడంతో, అక్కడి కాగితాలన్నీ అరవంలో ఉంటాయి, నాకది చదవడం వచ్చని మామ నన్ను తోడు తీసుకెళ్ళాడు. అక్కడి ఆఫీసరు లైసెన్సు పుస్తకంలోని నంబరు చూసి, తుపాకి తిప్పి, బిళ్ళ మీద చెక్కిన నంబరు కోసం చూశాడు. అందులో ఆయన మొహం కనిపించింది గానీ నంబరు కనిపించలేదు. ఎక్కడైనా తుపాకి దొరికితే ఎవరిదో ఆ నంబరుతోనే పట్టుకుంటారట. అందుకే దొంగలు ముందుగా దాన్నే అరగదీస్తారట. తుపాకి ఇక్కడే ఉంటుంది, వారం తర్వాత వచ్చి సంజాయిషీ చెప్పు, లేకుంటే కేసు అన్నాడు.

తుపాకి చుట్టి తెచ్చిన దుప్పటిని మామ మడిచి చంకలో పెట్టుకున్నాడు. ఊళ్ళో ఆయన మాట మీద పొలం గట్లు తేల్చుకునేవాళ్ళు. అలాంటి మనిషి ఇంట్లో దొంగ తుపాకి ఉందంటారా అని నాకు ఒళ్ళు మండింది. ఇంటికొచ్చి చెబితే, పొయ్యి దగ్గర అత్త చెయ్యి ఆగిపోయింది. తనెంత పని చేసిందో అప్పుడు అర్థమైంది ఆమెకు. నేనే వచ్చి చెబుతానంది. ఆడమనిషిని ఆఫీసులో నిలబెట్టేది లేదన్నాడు మామ. నేనే తోమినానని చెబుతా, ఏం చేస్తారో చెయ్యనీ అన్నాడు. పందులకు ఈ సంగతంతా ఎలా తెలిసిందో గానీ, ఆ వారమంతా పాలు పట్టిన రాగి చేను వాటిదే. మామ డబ్బా వాయిస్తూ గట్ల మీద తిరిగితే, అవి లెక్కచేయలేదు.

వారం తిరిగాక మేము బయలుదేరి వెళ్ళేసరికి, అత్త పట్టుచీర కట్టుకుని అప్పటికే బస్సుస్టాపులో నిలబడి ఉంది. మామ కసిరినా కదల్లేదు.

ఆఫీసరుకు తెలుగు వచ్చు. మామ తానే తోమానన్నాడు. దేనితో తోమావని అడిగాడాయన. మామ తడబడి, సబ్బుతో అన్నాడు. వెనక నుంచి అత్త ముందుకొచ్చింది.

"ఆయప్పకి చెంబు తోమేది కూడా తెలీదు సామీ. ఇన్నేండ్లుగా చింతపండేసి నేనే తోమినాను. కేసు పెట్టేదుంటే నా మీద పెట్టండి."

ఆఫీసరు నవ్వు ఆపుకోలేకపోయాడు. తుపాకులు చూసే పోలీసాయన్ను పిలిపించి గొట్టాన్ని చెక్క నుంచి విప్పించాడు. గొట్టం అడుగున ఇనుములో కొట్టిన అదే నంబరు, ఎవరి చెయ్యీ తగలక, స్పష్టంగా ఉంది. పుస్తకంలో సంతకం పెట్టి తుపాకి ఇచ్చేశారు. నాకు ప్రాణం లేచివచ్చింది.

ఊళ్ళో దిగి నేరుగా చేనికి పోయాం. ముందురాత్రి మిగిలిందంతా పందులు తొక్కేశాయి. అత్త గట్టు మీద కూలబడి, నా చేతులారా చేసినానని ఏడ్చింది. మామ తుపాకి పక్కన పెట్టి ఆమె దగ్గర కూర్చున్నాడు. నలుగురూ తిరిగే చోట ఆయన అలా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

"పోయింది రాగులే కదమ్మా. నేను దొంగనయిపోకుండా నువ్వొచ్చి నిలబడితివి. ఇంగేం కావాల నాకు?"

ఆ ఏడు సంగటికి రాగులు సంతలో కొన్నాం. రైతు ఇంట్లో అది తలవంపులే. మొదటిరోజు అత్త వడ్డించి, ఆయన మొహం చూడలేక పక్కకు తిరిగింది. మామ ముద్ద తుంచి నోట్లో పెట్టుకుని, కొన్న రాగులైనా నీ చేతికి బాగుండాయి, ఇంకో ముద్ద వెయ్ అన్నాడు.