ఐదు ముద్రల కాగితం

గులందాం జీవితంలో సొంత తెలివితో చేసిన పని ఒక్కటే. ఆ ఒక్కటీ ఆమె కొంప ముంచింది.

దెహ్‌నార్‌లో ఆమెకు ఇరవై రెండు దానిమ్మ చెట్ల తోట, పన్నెండు రోజులకోసారి కాలువ నీటి వంతు ఉండేవి. భర్త సఫరలీ పదిహేనేళ్లు యజ్ద్ దారిలో ఒంటెల వెంట నడిచి కొన్న తోట అది. అతను పోయాక ఆమె, విధవ కూతురు మర్జాన్ ఆ చెట్ల మీదే బతుకుతున్నారు.

ఆ ఏడు షా ఆ ప్రాంతాన్ని ఏలడానికి కొత్త హాకింను పంపాడు. పాత హాకింలు కోళ్లతో, గొర్రెలతో సరిపెట్టుకునేవాళ్లు. ఈ మహానుభావుడికి భూములే కావాలి. దస్తావేజులు తెచ్చి కచేరీలో ఇవ్వాలని, అవి లేని నేల సర్కారుదేనని చాటింపు వేయించాడు.

గులందాం దస్తావేజు పట్టుకుని ముల్లా ఇబాద్ దగ్గరికి పరుగెత్తింది.

"ఇది కచేరీ గుమ్మం దాటితే తిరిగి రాదమ్మా," అన్నాడాయన. "నకలు రాసిస్తాను, అది వాళ్ల మొహాన కొట్టు. పాతది మాత్రం ప్రాణం పోయినా వదలకు."

నకలు అసలుతో సరిపోయిందని దాని అంచున తన ముద్ర వేసి, మరో నలుగురు పెద్దల చేత వేయించాడు. ఆ నకలును తెల్ల గుడ్డలో చుట్టి, కచేరీలో ఇవ్వాల్సింది ఇదేనని చెప్పి ఇచ్చాడు.

ఇంటికొచ్చి ఆమె రెండూ పక్కపక్కన పరిచింది. చదువు రాదు, ముద్రలు లెక్కపెట్టడం వచ్చు. పాతదాని మీద రెండే. ఆ ఇద్దరూ ఎప్పుడో పోయారు. మనిషి పోతే అతని ముద్రను పగలగొట్టడం అక్కడి ఆనవాయితీ.

"వీళ్ల ముద్రలు మన కళ్ల ముందే పగలగొట్టారు కదే," అంది కూతురితో. "చచ్చినోళ్ల కాగితం మనకెందుకు? బతికున్న ఐదుగురు పెద్దమనుషుల్ని తీసుకెళ్లి ఆ దొంగల చేతిలో పెడతానా?"

"ముల్లాగారు తెల్ల గుడ్డలోదే ఇమ్మన్నారు కదమ్మా."

"ఆయనకి చూపానదు. ఎడమ చెప్పు కుడికాలికి వేసుకుంటాడు."

పాత కాగితం కచేరీ మున్షీకి ఇచ్చింది. అతను విప్పి చూసి, లేచి నిలబడి మరీ సాగనంపాడు. ఆ మర్యాదకు గులందాం దారంతా మురిసిపోయింది.

దానిమ్మలు పగిలే రోజుల్లో హాకిం మనుషులు వచ్చి తోట గుమ్మానికి తాళం వేశారు. ఆమె ఐదు ముద్రల కాగితంతో ఖాజీ ముందుకెళ్లింది.

"ఇది నకలు," అన్నాడు ఖాజీ. "అసలేది?"

"కచేరీలో ఇచ్చాను బాబూ. ఇదిగో, ఈయన చేతికే."

పక్కనే కూర్చున్న మున్షీ ఆమెను నింపాదిగా చూశాడు. "ఈవిడెవరో నేనెరుగను."

ముద్ర తనదేనని ముల్లా ఇబాద్ ఒట్టేసి చెప్పాడు. అసలు లేకుండా తీర్పు చెప్పలేనని ఖాజీ తల దించుకున్నాడు. హాకిం అంటే ఆయనకీ భయమే.

బయటికొచ్చాక ముల్లా ఏడ్చాడు. "తెల్ల గుడ్డ అని చెప్పాను కదమ్మా."

తప్పు మున్షీది, ఖాజీది, హాకింది కూడా. కానీ గులందాంకి తన చేతులే కనిపిస్తున్నాయి.

వారం తర్వాత మున్షీయే ఇంటికొచ్చాడు. తల్లీకూతుళ్లిద్దరూ తోటలో కూలికి ఉండొచ్చట. లేదంటే ఊరు ఖాళీ చెయ్యాలి. కూలికి ఒప్పుకున్నట్టు వేలిముద్ర వెయ్యమని కాగితం చాపాడు.

అలవాటు కొద్దీ ఆమె ముద్రలు లెక్కపెట్టింది. ఒక్కటే ఉంది, హాకింది. సిరాలో వేలు ముంచింది.