పంతొమ్మిదో రాయి

దయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు మొదటినుంచీ ఒళ్లు మంట. మాది సిరిసిల్ల. సాంచాల చప్పుడులో పుట్టి పెరిగినదాన్ని. మా వాడలో దయ్యం వచ్చి పిలిచినా ఆ మరమగ్గాల మోతలో ఎవరికీ వినిపించదని మా నాయన నవ్వేవాడు. నేను ఫిజిక్స్ చదివి, జగిత్యాల దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో ఇరవై రెండేళ్లుగా సైన్సు చెబుతున్నాను. ఈ సంగతి నోటితో చెబితే స్టాఫ్‌రూంలో నవ్వుతారు. కాగితం మీదైతే మధ్యలో ఎవరూ అడ్డం రారని రాస్తున్నాను.

పోయిన చలికాలం తొమ్మిదో తరగతి ఆడపిల్లలను పాత కోటలు చూపించడానికి తీసుకుపోయాను. పద్దెనిమిది మంది. పొద్దున జగిత్యాల ఖిల్లా చూశాం. పిల్లలకు ఫిరంగుల మీద చేతులు వేసి ఫోటోలు దిగడమే సరిపోయింది. "ఈ ఇనుమంతా ఎక్కడిది?" అని అడిగితే ఒక్కతీ చెప్పలేదు. మన చుట్టుపక్కలే ఒకప్పుడు నేల తవ్వి ఇనుపరాయి తీసేవాళ్లని, ఇక్కడి కొలిముల్లోనే కరిగించేవాళ్లని చెప్పాను. ముఖాలు చూస్తే నమ్మినట్టు లేదు. నాకు పంతం పట్టింది. చూపిస్తా పదండని కోరుట్ల అవతల ఒక పాత దొరల గడికి బస్సు తిప్పించాను. ఊరి పేరు రాయను.

ఆ గడిని ఇనుపరాయి తవ్విన గుట్ట మీదే కట్టారు. వెనక భాగం చాలావరకు కూలిపోయింది. ముందు భాగంలో నేలమాళిగ ఉంది. అక్కడినుంచి పాత తవ్వకాల్లోకి ఒక ఇరుకు దారి పోతుంది. అంతకుముందు ఒకసారి చూశాను కాబట్టి నాకు ధైర్యం.

గడికి కాపలా ఉండేది మల్లయ్య అనే ముసలాయన. ఆయన వద్దన్నాడు. పిల్లలను లోపలికి పంపకుండ్రి టీచరమ్మా అని రెండుసార్లు చెప్పాడు. ఇరవై అడుగులు పోయి వచ్చేస్తాం అని నేను వాదించాను. నా నోటి ముందు ఆయన నిలవలేక, చివరికి ఒక మాటకు ఒప్పించుకున్నాడు.

నేలమాళిగ గడప పక్కన ఒక రాతి అరుగు ఉంది. లోపలికి పోయే ప్రతి మనిషీ ఆ అరుగు మీద ఒక రాయి పెట్టాలి. బయటికి రాగానే ఎవరి రాయి వాళ్లే తీసి పారెయ్యాలి. తవ్వకాలు నడిచిన రోజుల్లో కూలీల పద్ధతి అదేనట. పొద్దుగూకే వేళ అరుగు మీద రాయి మిగిలితే మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు లెక్క.

పిల్లలకు అది ఆటలాగా తోచింది. గేటు దగ్గర పోసిన రోడ్డు కంకరలోంచి తలా ఒకటి ఏరుకొచ్చి వరసగా పెట్టారు. నేను లెక్కపెట్టాను. పద్దెనిమిది.

"మీరు గూడ ఒకటి పెట్టుండ్రి టీచరమ్మా" అన్నాడు మల్లయ్య.

"నాకెందుకు కాకా? నేను హాజరు తీసుకునేదాన్ని, నాకెవరు తీసుకుంటారు?" అన్నాను. పిల్లలు కిసుక్కుమన్నారు. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నాకు సిగ్గు వేస్తుంది.

అరుగు పైన, గోడలో ఎత్తుగా ఒక గూడు ఉంది. అందులో పిడికెడంత నల్లరాయి. అది మామూలు రాయి కాదు, ఇనుము కరిగించాక మిగిలే చిట్టెం. అదేంది కాకా అని అడిగాను.

"అది ముట్టద్దు. మా తాత పుట్టకముందుదట. ఎవరో ఆడమనిషిది. ఇంక బయటికి ఎల్లలే" అన్నాడు, పక్కింటామె ఇంకా పొలం నుంచి రాలేదన్నంత మామూలుగా.

లోపల పావుగంట ఉన్నాం. ఫోన్ల వెలుగులో గోడల మీద ఉలిదెబ్బలు చూపించాను, అయస్కాంతం పెట్టి అంటుకునే రాళ్లు చూపించాను. పాఠం బ్రహ్మాండంగా కుదిరిందని నన్ను నేనే మెచ్చుకున్నాను. బయటికి వచ్చి ఒక్కొక్కరూ తమ రాళ్లు తీశారు.

అరుగు మీద ఒకటి మిగిలింది.

తలలు లెక్కపెట్టాను. పద్దెనిమిది. పేర్లు పిలిచాను. పద్దెనిమిది మందీ పలికారు. అప్పుడు వంగి చూస్తే, మిగిలింది కంకర రాయి కాదు. నల్లటి చిట్టెం. తల ఎత్తి చూశాను. గూడు ఖాళీగా ఉంది.

నాకు భయం కాదు, కోపం వచ్చింది. ఎవతే ఈ వేషాలు వేసింది అని అరిచాను. అరుస్తూనే గూడు వైపు చెయ్యి చాపి చూశాను. నాకే మూరెడు ఎత్తు తక్కువైంది. మల్లయ్య అంతసేపూ గేటు దగ్గర మా డ్రైవర్‌తో మాట్లాడుతున్నాడు, డ్రైవర్ తర్వాత ఆ మాటే చెప్పాడు.

అంతలో అనూష అనే పిల్ల వెక్కివెక్కి ఏడవడం మొదలుపెట్టింది.

"మేడం, మా చెల్లె గూడ అచ్చింది మేడం. మౌనిక. బస్సుల సీటు కింద దాక్కున్నది. మీరు చూస్తె కొడ్తరని ఎనుక కూలిన గోడ సందుల కెల్లి లోపల్కి పోయింది. బస్సు కాడికి పోయిందనుకున్న. గని ఆ రాయి..."

మౌనిక ఏడో తరగతి. బస్సులో లేదు. గడి చుట్టూ పిలిచినా పలకలేదు. ఇంకొకరి బిడ్డ, నా పంతం కోసం తిప్పిన బస్సులో వచ్చిన బిడ్డ. మల్లయ్య కాకను పిల్లల దగ్గర ఉండమని, నేను లోపలికి పరుగెత్తాను. గడప దగ్గర ఆగి, ఎవరూ చెప్పకుండానే ఒక కంకర రాయి అరుగు మీద పెట్టాను.

ఇందాక మేం ఆగిన చోటు దాటి దారి ఎడమకు తిరిగింది. గాలి చల్లబడింది. నేను పిలిచిన పేరు నాకే తిరిగి వినిపించింది. మరో పది అడుగులు పోయేసరికి వెలుగులో మౌనిక కనిపించింది. గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కుడి చెయ్యి పక్కకు చాపి ఉంది, ఎవరో పట్టుకుని ఉన్నట్టు. ఆమె పాదాలకు జానెడు దూరంలో నేల లేదు. పాత తవ్వకం గుంత, బావి అంత. నా కాలు తగిలి ఒక రాయి జారిపడితే చాలాసేపటికి నీళ్ల చప్పుడు వినిపించింది.

పిల్లను వెనక్కి లాగి గట్టిగా పట్టుకున్నాను. కొట్టాలనుకున్నదాన్ని ఏడ్చేశాను. ఆమె మాత్రం ఏడవలేదు.

"అవ్వ పట్టుకున్నది మేడం. సెల్లు పడిపోయి చీకటైతె నా చెయ్యి పట్టుకున్నది. కదలకు బిడ్డా, నీ రాయి నేను పెట్టిన, మీ పంతులమ్మ వస్తది అన్నది."

లోపల ఇంకెవరూ లేరు. నేను వెలుగు తిప్పి చూశాను. మౌనిక మణికట్టు మీద నల్లటి మరకలు, నాలుగు వేళ్లవి. సబ్బుతో కడిగితే మూడు రోజులకు పోయాయని వాళ్లమ్మ చెప్పింది.

బయటికి వచ్చి నేను నా రాయి తీసుకున్నాను. నేను ఆపేలోపే మౌనిక ఆ నల్లరాయి తీసుకుని జేబులో వేసుకుంది. ఆమె కోసం పెట్టిందే కదా.

బస్సు ఎక్కాక లెక్కపెట్టాను. పంతొమ్మిది రావాలి. ఇరవై వచ్చింది. కంగారులో తప్పానని మళ్లీ ఒక్కో తలను వేలితో తాకుతూ లెక్కపెట్టాను. ఇరవై. ఎవరికీ చెప్పకుండా కూర్చున్నాను. లోపల బెణికిన మౌనిక కాలికి కట్టు కట్టించడానికి కోరుట్లలో ఆగాం. బయలుదేరేటప్పుడు మళ్లీ లెక్కపెడితే పంతొమ్మిది. కిటికీ పక్కన కూర్చున్న మౌనిక రోడ్డు వైపు చూసి చెయ్యి ఊపుతోంది. అక్కడ అరటిపండ్ల బండి తప్ప ఏమీ లేదు.

మరుసటి ఆదివారం మౌనికను అడిగి ఆ నల్లరాయి తీసుకుని ఒక్కదాన్నే గడికి పోయాను, గూట్లో పెట్టి వద్దామని. మల్లయ్య కాక దాన్ని చేతిలోకి కూడా తీసుకోలేదు.

"బయటికి ఎల్లినోళ్ల రాయి మళ్ల పెట్టరు టీచరమ్మా" అన్నాడు. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి.

ఇప్పుడది మా ఇంట్లో పుస్తకాల అల్మారాలో ఉంది. మా ఆయనకు అంతా చెప్పాను. ఆయన తాపీగా విని, బస్సులో నిన్ను కూడా కలుపుకొని లెక్కపెట్టి ఉంటావులే అన్నాడు. అందరూ అదే అంటారు. కావచ్చు, నేనూ అదే అనుకోవాలని చాలా ప్రయత్నించాను. కానీ ఇరవై రెండేళ్లుగా ఎన్ని బస్సుల్లో, ఎన్ని బడుల్లో పిల్లలను లెక్కపెట్టానో. ఏ ఒక్కరోజూ నన్ను నేను లెక్కపెట్టుకోలేదు.