గోడ మీద కదిలిన నీడ

ఇల్లిల్లూ తిరిగి పసిపిల్లల ఎదుగుదల చూసే ఆమెను అందరూ గంటలక్క అంటారు. పిల్లల వెనక నిలబడి చిన్న గంట మోగిస్తుంది. వాళ్లు తల తిప్పుతారో లేదో చూసి కాగితం మీద రాస్తుంది.

పదకొండేళ్ల కిందట ఒక బాబు చక్కగా తల తిప్పాడు. వినికిడి బాగుందని రాసింది. నిజానికి వాడు తిరిగింది గోడ మీద కదిలిన ఆమె చేతి నీడను చూసి. వాడికి వినపడదన్న సంగతి మూడేళ్లకు గాని బయటపడలేదు. మాటలు నేర్వాల్సిన కాలం అలా పోయింది. వాడి తల్లి ఆమెను ఒక్క మాటా అనలేదు. అనుంటే బాగుండేదని గంటలక్కకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇవాళ పదినెలల పాప ఇంట్లో ఆమె ముందుగా నీడ పడకుండా కిటికీ తెర మూసింది, ఫ్యాను ఆపించింది.

"మా వంశమే అంత, మాటలు ఆలస్యం. మా ఆయనైతే పెళ్లయ్యాకే నోరు విప్పాడు," అంది పాప నాయనమ్మ.

"ఆ తర్వాత మీరు విప్పనిచ్చారా పెద్దమ్మా?" అని గంటలక్క పాప వెనక్కి చేరి గంట కొట్టింది.

పాప కదల్లేదు. రెండోవైపు కొట్టినా చేతిలోని గరిటెనే చూస్తోంది.

"మొన్న చప్పట్లు కొడితే తిరిగిందక్కా," అంది తల్లి గొంతు తగ్గించి.

"చేతుల గాలి తగిలుంటుందమ్మా. రేపే వినికిడి పరీక్షకు వెళ్దాం, నేనూ వస్తా."

"ఒక్క నెల ఆగి చూద్దామా?"

తల తిప్పి తనకేసి నవ్విన ఆ బాబు ముఖం గంటలక్క కళ్లముందు మెదిలింది.

"వద్దమ్మా. ఇలాగే ఒక తల్లికి అంతా బాగుందని చెప్పాను," అంది.

తల్లి పాపను ఎత్తుకుంది. "రేపు ఎన్నింటికి రమ్మంటావక్కా?" అని అడిగింది.