క్యూబా చుట్టల ఆఖరి పెట్టె

క్యూబా సిగార్ల ధర పెరిగిందని కరీంనగర్‌లో ఏడ్చినవాళ్లం ముగ్గురమే. బియ్యం ధర పెరిగితే ఇరుగుపొరుగుతో చెప్పుకోవచ్చు. పెట్రోలు పెరిగితే బస్టాండులో ముక్కూమొహం తెలియనివాడితో కలిసి తిట్టుకోవచ్చు. దీన్ని ఎవరితో చెప్పుకుంటాం? చెప్తే చెప్పుతో కొడతారు. కొట్టినా తప్పులేదని నాకే అనిపించేది. అయినా ఏడుపు ఏడుపే కదా.

నేను గ్రానైట్ ఏజెంటును. క్వారీవాళ్లకూ బయటి దేశాల కొనుగోలుదారులకూ మధ్య తిరిగే మనిషిని. పదేళ్ల కింద ఒక చైనా ఆయన బేరం కుదిరిన సంతోషంలో రాయి మీద కూర్చొని నాకొక సిగారు ఇచ్చాడు. మొదటి దమ్ముకు దగ్గు రాలేదు. వచ్చి ఉంటే ఈ కథే లేదు. తర్వాత ఆ కొనుగోళ్లు తగ్గాయి, క్వారీలు ఒక్కొక్కటే మూతపడ్డాయి, నా ఫోను మోగడం మానేసింది. ఆ అలవాటు మాత్రం నన్ను విడిచిపోలేదు.

మిగిలిన ఇద్దరిలో ఒకరు భాయ్. టవర్ సర్కిల్ దగ్గర బట్టల దుకాణం. ఆయన తమ్ముడు దుబాయిలో ఉండి మాకు పెట్టెలు తెచ్చేవాడు. రెండో ఆయన్ని సార్ అని పిలిచేవాళ్లం. శ్రీరాంపూర్ బొగ్గు బాయిల్లో, అంటే గనుల్లో, ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు. బొగ్గు బాయిలోకి దిగేముందు జేబులు తడుముతారు. ఒక్క అగ్గిపుల్ల దొరికినా ఉద్యోగం మీదికి వస్తుంది. ముప్పై ఏళ్లు బుగ్గన తంబాకు పెట్టుకొని గడిపిన మనిషి, రిటైరయ్యాక చేతిలో నిప్పు పట్టుకొని గంటన్నర కూర్చోవడం ఎంత సుఖమో మాకు చెప్పేవారు. ఆ సుఖం కోసం ప్రతి ఆదివారం నస్పూర్ నుంచి బస్సెక్కి మా ఇంటికి వచ్చేవారు.

మా డాబా మీద రేకుల షెడ్డు ఉంది. ఆదివారం పొద్దున పదకొండుకు అక్కడ ముగ్గురం కూర్చునేవాళ్లం. ఆ గంటన్నర నేను ఏజెంటును కాదు, అవసరానికి పలకరించి, అది తీరాక అందరూ పక్కకు జరిపే మనిషిని కాదు. ఊళ్లో నాకంటూ ఆ ఇద్దరే. మిగతా ఆరు రోజులు ఆ ఏడో రోజు కోసమే లాక్కొచ్చేవాణ్ణి. ఇది పిచ్చి అని తెలుసు. పిచ్చి అని తెలిస్తే తగ్గుతుందా?

ఒక ఆదివారం భాయ్ దుబాయిలోని తమ్ముడితో మాట్లాడి ఫోను పెట్టేశాడు.

"దామ్ డబల్ అయిందట భయ్యా. గదే పెట్టె, గవే చుట్టలు."

"ఎందుకట?"

"దునియా మొత్తం ఒక్కటే రేటు చేసిన్రట. గా పెద్ద పెద్ద షహర్లల్ల ఎంతనో, దుబాయిల గూడ గంతేనట."

సార్ నవ్వలేదు. "మరి మన పింఛన్లు గూడ దునియా మొత్తం ఒక్కటే జేసిన్రా?" అన్నారు.

మళ్లీ పెరిగింది. ఆ తర్వాత మళ్లీ. మా ఫోన్లలో సిగార్ల గ్రూపు ఒకటి ఉండేది, దేశం నలుమూలల నుంచి మనుషులు. ఒకాయన ఇక మానేస్తున్నానని పొద్దున పెద్ద వ్యాసం రాసి, సాయంత్రం పాత ధరకు ఎవరి దగ్గరైనా పెట్టె ఉందా అని అడిగాడు. కొందరు నికరాగువా దేశపు సిగార్లు ఇంకా బాగుంటాయని ఒట్టేసి చెప్పారు. వాళ్ల మాట వాళ్లే నమ్మడం లేదని రాతలోనే తెలిసేది. ఉన్నవాళ్లు గదుల నిండా కొని దాచుకున్నారు. లేనివాళ్లు ఆ గదుల ఫొటోలు చూసి రాత్రంతా తిట్టుకున్నారు. నేనూ తిట్టాను.

మేం చేయని పని లేదు. వారానికి ఒకటి అన్నది నెలకు ఒకటి చేశాం. ఒక్కదాన్ని బ్లేడుతో రెండు ముక్కలు కోశాం. హైదరాబాదులో ఎవడో సగం ధరకు ఇస్తానంటే ఉరుక్కుంటూ పోయి కొన్నాం. అది నకిలీ, ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది. అయినా చివరిదాకా కాల్చాం, అదీ మా గతి. సార్ చివరి ముక్కకు సూది గుచ్చి పట్టుకొని, పెదవి చురుక్కుమనేదాకా పీల్చేవారు. ఆఖరుకు ఒక్క సిగారును ముగ్గురం, కూలీలు బీడీ పంచుకున్నట్టు, ఒకరి నోట్లోంచి ఒకరం తీసుకున్నాం. భాయ్ మూడుసార్లు "ఇగ బంద్" అన్నాడు. మూడుసార్లూ ఆదివారం అందరికంటే ముందే వచ్చాడు.

చివరికి ఒక్క పెట్టె తెప్పించుకున్నాం. సార్ బండి మార్చుకుందామని దాచిన డబ్బులు అందులో పడ్డాయి. నేనేం పెట్టానో నా భార్యకు ఇప్పటికీ తెలియదు. ఇదే ఆఖరిదని ముగ్గురం మాట అనుకున్నాం. ఇరవై ఐదు సిగార్లు. నెలకు మూడు చొప్పున ఎనిమిది నెలలు. ఒకటి మిగులుతుంది, దాని సంగతి అప్పుడు చూద్దామన్నాం.

సిగారుకు తేమ కావాలి. ఎండితే చచ్చిపోతుంది. సార్ మంచిర్యాలలో వడ్రంగితో చెక్కపెట్టె చేయించారు. అందులో ఒక స్పాంజి ముక్క, బ్యాటరీ షాపులో అమ్మే నీళ్లతో తడిపి పెట్టాలి. భాయ్ ఇంట్లో ఆయన తండ్రికి తెలిస్తే గొడవ. సార్ ఇంట్లో ఆయన భార్యకు ఆయాసం. అందుకే పెట్టె నా దగ్గర ఉండేది, లోపలి గదిలోని బీరువాలో. కాపలాదారును నేను. అది పాడైతే ఆదివారాలు పోతాయి. ఆదివారాలు పోతే నాకేం మిగులుతుందో ఆలోచించడానికి కూడా భయమేసేది.

మే నెలలో, ఆ పెట్టెలో ఇంకా ఒక్కటీ ముట్టించకముందే, అవ్వ, అంటే మా అమ్మ, వచ్చింది. కోరుట్లలో ఉంటుంది, ఏళ్ల తరబడి మా ఇంటికి రానిదాన్ని కంటి ఆపరేషన్ కోసం తీసుకొచ్చాం. ఆమెకు లోపలి గది ఇచ్చాం.

అవ్వ నలభై ఏళ్లు బీడీలు చేసింది. మా బాపు మగ్గం కూలీ ఇంటికి సగమే సరిపోయేది. మిగతా సగం అవ్వ వేళ్లలోంచి వచ్చింది. నా ఫీజులు, నా చెప్పులు, అన్నీ బీడీలే. పదేళ్లప్పుడు చాటలోంచి ఒక బీడీ తీసి ఊరికే నోట్లో పెట్టుకున్నాను. అవ్వ చేతిలోని కత్తెర పిడితో మణికట్టు మీద కొట్టింది. "గివి అమ్మేటియి. తాగేటియి గావు" అంది. బీడీలు చేసే ఇళ్లలో పొగాకు పరాయి వస్తువు. ఇప్పుడు నాకు యాభై రెండేళ్లు. అయినా అవ్వ ముందు అగ్గిపెట్టె తీసే ధైర్యం లేదు.

వచ్చిన మూడో రోజు బీరువా తెరిచి అడిగింది. "గిదేంది బిడ్డా, గీ పెట్టె?"

నోటికి వచ్చిన అబద్ధం చెప్పాను. "ఒక సేటుది అవ్వా. మాల్. కొన్ని దినాలు మన దగ్గర పెట్టుమన్నడు."

అవ్వ వెంటనే తలూపింది. ఆమెకు అంతకంటే బాగా అర్థమయ్యే మాట లేదు. ఆకు సేటుది, తంబాకు సేటుది, ఇంట్లో కూర్చొని చుట్టేది మనం, పాడైతే జవాబు చెప్పుకోవాల్సింది మనం. ఆమె బతుకంతా సేటు మాల్ ఇంట్లోనే ఉండేది. ఎంత తేలిగ్గా నమ్మిందో చూసి నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ శనివారం నేనూ నా భార్యా కొండగట్టుకు వెళ్లాం. క్వారీలు మళ్లీ తెరుచుకోవాలని ఆమె మొక్కు. తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. మెట్లెక్కుతుంటేనే వాసన తగిలింది. మా ఆదివారం వాసన. శనివారం ఎందుకొస్తుంది?

డాబా మీద పాత చీర పరిచి ఉంది. దాని మీద ఇరవై ఐదు సిగార్లు వరసలుగా ఎండుతున్నాయి. మే నెల ఎండ, కాలు పెడితే బొబ్బలెక్కే గచ్చు. సిగార్ల నడుముకుండే బంగారు రంగు కాగితం పట్టీలన్నీ ఊడదీసి స్టీలు గ్లాసులో వేసి ఉన్నాయి. పక్కనే రేకుల నీడలో, కంటికి ఆపరేషన్ అయ్యాక పెట్టిన నల్లద్దాలతో, కాకులు రాకుండా కట్టె పట్టుకొని అవ్వ కూర్చొని ఉంది.

"అచ్చినవా బిడ్డా! మంచిగైంది నేను చూసిన. మాలంత చెమ్మ పట్టింది. పెట్టెల ఎవరో తడిబట్ట మరిచిన్రు. మెత్తగ ఉంటే సేటు తీసుకుంటడా? ఇరిచి మొకాన కొడ్తడు. పొద్దుగాల్నే ఎండల పోసిన."

బీడీ ఆకును తడిపి చుడతారు గానీ, చుట్టిన బీడీ పొడిగా ఉండాలి. మెత్తగా ఉన్న కట్టను సేటు తరఫున వచ్చే టేకేదారు తీసుకోడు, ఆ రోజు కష్టం గంగలో కలిసినట్టే. నలభై ఏళ్లు అవ్వ భయపడింది చెమ్మకే. నా సరుకును ఆ చెమ్మ నుంచి కాపాడింది.

ఒకటి చేతిలోకి తీసుకున్నాను. వేళ్ల మధ్య చిటపటమని, పై ఆకు పొట్టులా రాలిపోయింది. ఇంకొకటి తీశాను. అదీ అంతే.

"ఎవరు ముట్టుమన్నరు నిన్ను!" అని అరిచాను. "ఎవరడిగిన్రు? నాశనం జేసినవ్ గదనే!"

బాపు కూడా ఆమెతో అలా మాట్లాడలేదు. అవ్వ కట్టె పట్టుకొని మెల్లగా లేచింది. "ఎండితె మంచిగయితయి గద బిడ్డా" అంది, నెమ్మదిగా. తర్వాత నా చేతిలోని పొట్టు చూసి, ఆమెకు పని తెలుసు కాబట్టి, ఏం జరిగిందో అర్థం చేసుకుంది. "సేటును పిలువు. నేను చెప్త. తప్పు నాదని చెప్త."

అప్పుడైనా నిజం చెప్పొచ్చు. చెప్పలేదు. లేని సేటును బతికించే ఉంచాను.

ఆ సాయంత్రం అన్నిటినీ పెట్టెలో పెట్టి, స్పాంజి నిండా నీళ్లు పోశాను. పొద్దున్నకు ఎండిన ఆకు తేమ తాగి ఉబ్బి, నిలువునా పగిలింది. భాయ్‌కి, సార్‌కి ఫోను చేసి రమ్మన్నాను. ఎందుకో చెప్పలేకపోయాను.

పదకొండుకు ఇద్దరూ వచ్చారు. డాబా మీద పెట్టె తెరిచి చూపించాను. సార్ ఒకటి తీసి రెండు అరచేతుల మధ్య పెట్టుకున్నారు, చచ్చిన పిట్టను పట్టుకున్నట్టు. ఇంతలో అవ్వ మెట్లెక్కి వచ్చింది. భాయ్ ఒంటి మీద తెల్లబట్టలు, అత్తరు, చేతికి గడియారం. ఆయన్ని చూసి సేటు అనుకుంది. నేను అడ్డం వెళ్లేలోపే ఆయన రెండు చేతులూ పట్టుకుంది.

"సేటూ, నా కొడుకు తప్పేం లేదు. ముసల్దాన్ని, కండ్లు గానక చేసిన. వాన్ని ఏమనకు. వానికి పనులు లేక పరేషాన్ల ఉన్నడు. ఆకు తెప్పియ్యి, నేను మల్ల చుట్టిస్త. నాకు చేతనైతది. పైసలొద్దు."

భాయ్ కళ్లు నీళ్లతో నిండాయి. "అమ్మా, నేను సేటును గాదు" అన్నాడు. ఆయన నావైపు చూశాడు. సార్ నావైపు చూశారు. అవ్వ నల్లద్దాల్లోంచి వాళ్లిద్దరినీ, తర్వాత నన్నూ చూసింది.

"సేటు లేడు అవ్వా" అన్నాను. "గవి మావే. మేమే తాగుతం."

అవ్వ భాయ్ చేతులు వదిలేసింది. సార్ పెట్టె మూత వేశారు. "ఇగ మనతోని కాదు తమ్మీ" అని నా భుజం తట్టారు. ఇద్దరూ దిగి వెళ్లిపోయారు. సార్ మళ్లీ నస్పూర్ నుంచి రాలేదు. భాయ్ బజార్లో కలిస్తే సలాం చేస్తాడు, నిలబడడు.

డాబా మీద నేనూ అవ్వా మిగిలాం. కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను.

"ఎన్నేండ్ల సంది?" అని అడిగింది.

"పదేండ్లు."

ఆమె తన అరచేతులు చూసుకుంది. "మరి ఎనుకట నీ ఇంటికి అచ్చినప్పుడు, గా దినం కోడలు బువ్వ పెట్టుకుంట, ఇల్లంత పొగాకు కంపు కొడుతుందన్నప్పుడు చెప్పకపోతివి. నా ఒంటి వాసన అనుకున్న బిడ్డా. ఎంత సబ్బు వెట్టి తోమినా పోతలేదని, గందుకే ఇన్నేండ్లు నీ ఇంటికి రాలే. మొన్న గీ పెట్టె చూసినంక గూడ, సేటు కొత్తగ పెట్టిండంటివి, గప్పటి వాసన నాదే అనుకున్న."

ఏడవకూడదని కంటి డాక్టరు చెప్పాడు. నేను నల్లద్దాల కింద నుంచి కారేది తుడవబోతే, ఆమె ముఖం పక్కకు తిప్పుకుంది, నా వేళ్ల వాసనకేమో.

ఆ రోజు నా భార్య ఆ మాట అవ్వను కాదు, నన్ను చూస్తూ నన్నే అంది. నాకు తెలుసు. నేను కంచంలోంచి తల ఎత్తలేదు.