రాజుగారి ముడతలు

మా బాబాయి చేతులకు ఊరుకోవడం చేతకాదు. అన్నం తింటూ కూడా కంచం అంచును బొటనవేలితో రుద్దుతుంటాడు. వెండి కొట్లో మెరుగు పెట్టి బతికిన మనిషి మరి. ఆ పనికి మిషన్లు వచ్చాక కొట్టు యజమాని "ఇంట్లో హాయిగా విశ్రాంతి తీసుకో" అన్నాడు. అంత మర్యాదగా కూడా పొట్టకొట్టొచ్చని మాకు అప్పుడే తెలిసింది.

కాళ్లరిగేలా తిరిగి, చివరికి మ్యూజియంలో అద్దాల బీరువాలు తుడిచే పనిలో కుదిరాడు. అదీ తాత్కాలికమే. అప్పుడే ఎక్కడో రోడ్డు తవ్వుతుంటే ఒక కుండ బయటపడింది. దాన్నిండా నల్లగా కరుడుగట్టిన రోమన్ వెండి నాణేలు. వాటి బాధ్యత చూసే మేడమ్, బాబాయి పాత పని సంగతి విని ఒక నాణెం చేతికిచ్చింది.

"ఇది శుభ్రం చెయ్యండి పెద్దాయనా. బాగా వస్తే కుండంతా మీకే ఇస్తాను, ఉద్యోగం ఖాయం చేయిస్తాను."

శుభ్రమంటే ఏమిటో ఆవిడ చెప్పలేదు, ఈయన అడగలేదు. ఇద్దర్నీ కూర్చోబెట్టి చీవాట్లు పెట్టాలనిపిస్తుంది నాకు.

బాబాయి మెత్తటి కుంచెతో మట్టి వదిలిస్తుంటే కింద నుంచి ఒక రాజు బయటికొచ్చాడు. బట్టతల, జారిన గడ్డం, కంటి కింద ముడతలు. "చూశారా, ముసలితనం దాచుకోలేదు. ఈ ముడతలన్నీ ఎవరో కూర్చుని అచ్చులో చెక్కారు. ఆ పనివాడి పేరు కూడా మనకు తెలీదు" అందట మేడమ్. ఇంటికొచ్చి అదే చెప్పి మురిసిపోయాడు.

"నా ముడతలు చూసి ఎప్పుడైనా ఇలా మురిశారా?" అంది పిన్ని.

"నువ్వు రాణివి కాదుగదే!"

చాలా రోజులకు ఆ ఇంట్లో నవ్వులు వినిపించాయి.

మర్నాటికి మట్టంతా పోయింది. కానీ నాణెం మసగ్గానే ఉంది. మెరవని వెండిని ఒకరి చేతికివ్వడం మా బాబాయి దృష్టిలో సిగ్గుమాలిన పని. జేబులోంచి మెరుగు గుడ్డ తీశాడు, పొడి అద్ది రుద్దాడు. కాస్త రుద్ది ఆపినా బాగుండేది. ఆపలేదు. తళతళలాడే నాణేన్ని మేడమ్ చేతిలో పెట్టి, మెచ్చుకుంటుందని నిలబడ్డాడు.

ఆవిడ ముఖం పాలిపోయింది. "ముడతలేవి?"

రాజుగారి కంటి కింద నున్నగా ఉంది. చుట్టూ ఉన్న అక్షరాలూ సగం చెరిగిపోయాయి. ఆవిడ అరవలేదు. కుర్చీలో కూలబడి, ఇక పనికి రావద్దని మెల్లగా చెప్పింది.

ఇంటికొచ్చి పిచ్చెత్తినట్టు తిరిగాడు. "ఎక్కడికీ పోలేదు, గుడ్డలోనే ఉంది" అని ఒకటే మాట. మాకు భయమేసింది. మెరుగు పెట్టేవాళ్లు పాత గుడ్డలు పారెయ్యరు. కాల్చి, ఆ బూడిద కరిగించి, అంటిన వెండి రాబట్టుకుంటారు. బాబాయి కుంపటి రాజేసి ఆ గుడ్డ కాల్చాడు. మూసలో వేసి ఊది ఊది కరిగించాడు. ఆవగింజంత వెండి తేలింది. అది చల్లారగానే నన్ను వెంటబెట్టుకుని మ్యూజియానికి పరుగెత్తాడు.

"పోయిందంతా తెచ్చేశానమ్మా, రవ్వంత కూడా వృథా కాలేదు. మళ్లీ ఆ నాణెం మీద పెట్టించు తల్లీ" అంటూ మేడమ్ ముందు అరచెయ్యి చాపాడు.

ఆవిడకు కోపం కూడా రాలేదు. తన భూతద్దం ఆయనకిచ్చింది. బాబాయి ఆ గింజను అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"అమ్మాయ్, నీ కళ్లు మంచివి" అన్నాడు నాతో. "ముడతలు ఎటువైపున్నాయో కాస్త చూడు."