పట్టాలు రేపల్లెలో కలవవు

మా లెక్కల మాస్టారు పోయారని చెప్పడానికి బాపట్ల నుంచి వాళ్ళమ్మాయి ఫోన్ చేసినప్పుడు నేను స్కూలుకి బయల్దేరుతున్నాను. నంబరు చూసి "అబ్బా, మళ్ళీ మొదలు" అనుకున్నాను. రెండు నెలలుగా ప్రతి ఆదివారం మాస్టారు ఆ నంబరు నుంచే ఒకటే ప్రశ్న వేసేవారు: "రేపల్లె వెళ్ళొచ్చావా అమ్మా?" అలా విసుక్కున్నందుకు ఇప్పుడు సిగ్గుగా ఉంది. కానీ మీకు అబద్ధం ఎందుకు చెప్పాలి, మనిషి విసుగు పుట్టించేవారే.

తెనాలిలో ఆయన దగ్గర చదువుకున్న వాళ్ళందరికీ తెలుసు. చొక్కా జేబులో ఎప్పుడూ రెండు చీపురుపుల్లలు. హోటల్లో ఇడ్లీ చల్లారిపోతున్నా సరే, పక్క బల్ల మీది పిల్లల్ని పిలిచి ఆ పుల్లలు పడేసి "ఇవి ఖండించుకుంటున్నాయా, సమాంతరమా?" అని అడగాల్సిందే. పెళ్ళికి పిలిస్తే, అక్షింతలు వేయకముందే పందిరి గుంజ దగ్గర నిలబడి "ఇది నేలకి లంబంగా లేదండీ" అనేవారు. పెళ్ళివారు మా వైపు చూసేవారు. ఇక లంబం అంటే నిలువుగా ఉండేదని ఎవరైనా అన్నారా, అయిపోయారే. పుస్తకం మీద రెండు పుల్లలూ లంబంగా పెట్టి, పుస్తకాన్నే పక్కకి తిప్పేవారు. "పడుకుంటే మాత్రం లంబం కాకుండా పోతుందా? మూల చూడమ్మా, మూల!"

రేపల్లె గొడవకి కారణం నేనే. ఆరో తరగతి పరీక్షలో "సమాంతర రేఖలు ఎక్కడ కలుస్తాయి?" అని మెలిక ప్రశ్న ఇచ్చారు. నేను "రేపల్లెలో" అని రాశాను. రైలుపట్టాలు సమాంతరమని చెప్పింది ఆయనే. తెనాలి రైలు గేటు దగ్గర నిలబడి చూస్తే అవి దూరంగా కలిసిపోతున్నట్టే కనిపిస్తాయి. మా లైను రేపల్లెతో ఆఖరు. కలిస్తే అక్కడే కలవాలి కదా!

సున్నా వేసి ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. ఆదివారం పూట మా నాన్నతో సహా నన్ను లాక్కెళ్ళారు. గేటు దగ్గర పట్టాల మధ్య వెడల్పుకి పురికొస కొలిచి తెంపారు. రైలెక్కించి, రేపల్లెలో పట్టాలు ఆగిపోయే చోట అదే పురికొస పెట్టారు. సరిగ్గా సరిపోయింది.

"చూశావా? కలిశాయా?"

"లేదండి మాస్టారూ. ఇంకొంచెం వేసుంటే కలిసేవేమోనండి."

మాస్టారు నెత్తి కొట్టుకున్నారు. "రేఖకి చివర ఉండదమ్మా, రైలుకే ఉంటుంది" అన్నారు. ఆ మాట నా బుర్రకెక్కడానికి ఇంకో ఏడాది పట్టింది. ఆ ఏడాదంతా నాకు లెక్కలు రావని ఆయన ఒక్కసారి కూడా అనలేదు.

నేను అన్నాను. ఇప్పుడు కొలకలూరులో లెక్కల టీచర్ని. ఈ ఏడు నా క్లాసులో ఒక పిల్ల అచ్చంగా అదే జవాబు రాసింది. నాలుగుసార్లు బోర్డు మీద గీసి చూపించి, ఓపిక పోయి, "ఈ పిల్లకి లెక్కలు రావండి" అని దాని ముందే వాళ్ళమ్మతో అనేశాను. ఆ మర్నాటి నుంచి నా పీరియడ్‌లో ఆ పిల్ల చెయ్యెత్తడం మానేసింది. మాస్టారికి ఫోన్లో చెప్పుకుంటే, "రాదనే మాట మనం అనకూడదమ్మా. పురికొస తీసుకుని రేపల్లె వెళ్ళు" అన్నారు. సిలబస్ ఉందండి, ఎండలండి అంటూ వారం వారం తప్పించుకున్నాను. ఆయన వారం వారం అడిగారు. చివరికి అడిగే మనిషి పోయాక వెళ్ళాను.

మొన్న ఆదివారం ఆ పిల్లనీ వాళ్ళమ్మనీ తీసుకెళ్ళాను. తెనాలి గేటు దగ్గర కొలిచిన పురికొస రేపల్లెలోనూ సరిపోయింది. పిల్ల చాలాసేపు చూసి, భయపడుతూనే "ఇంకొంచెం వేసుంటే కలిసేవేమో టీచర్" అంది.

ఆయన నెత్తి కొట్టుకున్న చోటే నేనూ కొట్టుకున్నాను. నోటిదాకా వచ్చిన మాట మింగేసి, "అయితే వేసి చూడు" అన్నాను.

పిల్ల పురికొస ఒక కొస నా చేతిలో పెట్టి, రెండోది తను పట్టుకుంది. పట్టాలు ఆగిన చోటి నుంచి, పురికొస సడలకుండా, ఇద్దరం మడమలతో మట్టిలో చెరో గీతా గీసుకుంటూ నడిచాం. కొంత దూరం పోయాక తను తల తిప్పి చూసింది.

"ఈ పురికొస ఉన్నంతసేపూ కలవవు కదా టీచర్?"

వాళ్ళమ్మ వెనక నుంచి రైలు టైమైందని కేకేస్తోంది. పిల్ల వినిపించుకోకుండా, పురికొస లాగి పట్టుకుని, గీత గీసుకుంటూ పోతూనే ఉంది.